గ్రామ్ : విరిగి మళ్లీ పుట్టిన ఖడ్గం

ముందుగా ఒక మాట. ఈ శీర్షికలోని 'గ్రామ్'కీ, కిరాణా కొట్లో తూచే గ్రాముకీ ఏ చుట్టరికమూ లేదు. పాత నార్స్ భాషలో ఆ మాటకు ఆగ్రహించినది అని అర్థం. కవులు రాజుకు కూడా ఆ మాట వాడేవారు. స్కాండినేవియా వీరగాథలలో అందరికంటే పెద్ద వీరుడనిపించుకున్న సిగుర్డ్ చేతి ఖడ్గం పేరు అది.

పరీక్షల కోసం చదివే గైడు పుస్తకాలలో దీన్ని గురించి ఒకే వాక్యం కనిపిస్తుంది: ఓడిన్ దేవుడు ప్రసాదించిన మాయాఖడ్గం, దానితో సిగుర్డ్ ఫాఫ్నిర్ అనే మహాసర్పాన్ని చంపాడు, అంతే. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. కాని మూలకథను నెమ్మదిగా చదివినవాళ్లకు ఆ వాక్యం సగం తప్పనిపిస్తుంది. దేవుడు ఇచ్చిన కత్తి ఒకటుంది, నిజమే. దాన్ని మళ్లీ దేవుడే విరగగొట్టాడు. సర్పాన్ని చంపినది, ఆ ముక్కలతో ఒక కమ్మరి చేసిన రెండో కత్తి. ఈ తేడాని విద్యార్థి మిత్రుల ముందు కాస్త వివరంగా పెట్టాలని నా కోరిక.

కథ మనదాకా ఎట్లా వచ్చిందో చెప్పి ముందుకు పోతాను. పద్యరూపంలో ఉన్న ఎడ్డా ఒక ఆధారం. దాని ముఖ్యమైన తోలుప్రతి 1270 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో రాసింది. 1643లో బ్రిన్యోల్ఫుర్ స్వెయిన్సన్ అనే బిషప్పు చేతికి చిక్కింది, 1662లో డెన్మార్క్ రాజుకు కానుకగా పోయింది, మూడు వందల ఏళ్ల తర్వాత 1971 ఏప్రిల్ 21న యుద్ధనౌక మీద తిరిగి ఐస్‌లాండ్ చేరింది. రేక్యవిక్ రేవులో జనం గుంపులుగా నిలబడి ఎదురుకోలు పలికారు. ఒక పుస్తకానికి! అరచేతుల్లో ఇమిడిపోయే ఆ చిన్న ప్రతిలో ఎనిమిది ఆకులు పోయాయి. విచిత్రమేమంటే, పోయినవి సరిగ్గా సిగుర్డ్ కథ నడుమనే. ఆ లోటు తీర్చేది 13వ శతాబ్దంలో ఎవరో పేరు చెప్పుకోని ఐస్‌లాండ్ రచయిత వచనంలో రాసిన వోల్సుంగ సాగా. 1220 ప్రాంతంలో స్నోరి స్టుర్లుసన్ రాసిన వచన ఎడ్డాలోనూ ఈ కథ క్లుప్తంగా ఉంది. నేను ఎక్కువగా వోల్సుంగ సాగానే అనుసరిస్తాను, ఎందుకంటే ఖడ్గం కథను మొదటినుంచీ చెప్పినది అదే.

వోల్సుంగ్ అనే రాజు తన కొలువుకూటాన్ని ఒక మహావృక్షం చుట్టూ కట్టించుకున్నాడు. మాను కూటం మధ్యలో ఉంటే, కొమ్మలు కప్పు దాటి పైకి పోయి పూలు పూసేవట. అతని కూతురు సిగ్నీని గౌట్‌లాండ్ రాజు సిగ్గెయిర్‌కిచ్చి పెళ్లి చేస్తున్నారు. ఆ పిల్లకు ఈ పెళ్లి ఇష్టం లేదు; తండ్రి మాట కాదనలేక ఒప్పుకున్నది. ఆ రాత్రి విందులో ఒక ముసలివాడు నడిచి వచ్చాడు. పొడుగు మనిషి, ఒంటికన్ను, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో దూసిన కత్తి. ఎవరితోనూ పలకరింపు లేదు. నేరుగా పోయి ఆ కత్తిని మానులో పిడిదాకా దించేశాడు. దీన్ని ఎవడు లాగగలిగితే వాడిదే, ఇంతకంటే మంచి కత్తి తన చేత పట్టలేదని వాడే ఒప్పుకుంటాడు అని చెప్పి వెళ్లిపోయాడు. ఒంటికన్ను అనగానే ఆనాటి శ్రోతలకు ఓడిన్ అని తెలిసిపోయేది. ఎవరు లాగినా కత్తి కదలలేదు. వోల్సుంగ్ కొడుకు సిగ్మండ్ పట్టుకుంటే, ఊరికే అక్కడ ఆనించి పెట్టినట్టు ఊడి వచ్చింది.

మనకు ఇక్కడ వెంటనే శివధనుస్సు జ్ఞాపకం వస్తుంది. పెళ్లి సభ, ఎవరికీ లొంగని ఆయుధం, ఒక్కడికే లొంగడం. పోలిక బాగానే ఉంది గాని ఎక్కువ దూరం లాగకూడదు. మిథిలలో విల్లు వంచినవాడే పెళ్లికొడుకు అయ్యాడు. ఇక్కడ పెళ్లికొడుకు ఓడిపోయాడు, గెలిచినవాడు అతని బావమరది. కొత్త అల్లుడికి మామగారి ఇంట్లో, అందరి కళ్లెదుట జరిగిన పరాభవం ఇది. సిగ్గెయిర్ ఆ కత్తికి మూడంతల తూకం బంగారం ఇస్తానన్నాడు. నీకు రాసిపెట్టి ఉంటే నువ్వే లాగి ఉండేవాడివి, ఇప్పుడు నీ దగ్గరున్న బంగారమంతా పోసినా ఇవ్వను అన్నాడు సిగ్మండ్. ఆ ఒక్క మాటతో వోల్సుంగ్ వంశం కూలిపోయింది. మూడు నెలల తర్వాత అల్లుడి ఇంటికి విందుకని పోయిన వోల్సుంగ్ యుద్ధంలో చచ్చిపోయాడు. పదిమంది కొడుకులనూ అడవిలో బొండకొయ్యలో బిగించారు. రాత్రికొకరిని ఒక ఆడతోడేలు వచ్చి తినేసింది. సిగ్నీ చేసిన ఉపాయం వల్ల ఆఖరివాడుగా సిగ్మండ్ ఒక్కడూ బతికాడు.

ఓడిన్ ఇచ్చిన కానుక ఎట్లాంటిదో చూడండి. అది ఇంట్లో అడుగు పెట్టిన క్షణం నుంచీ చావులే. ఓడిన్ యుద్ధదేవత, చచ్చిన వీరులను తన వల్‌హల్లా కొలువుకు తీసుకుపోయేవాడు. అతని కానుకలు చివరికి అతనికే చేరతాయి. దీన్ని 'ప్రసాదం' అనడానికి నాకు నోరు రాదు. అప్పు అంటే సరిపోతుందేమో.

తర్వాత కథలో చాలా ఘోరాలున్నాయి. అవన్నీ ఇక్కడ చెప్పబోను. ఖడ్గానికి సంబంధించిన ఘట్టం ఒక్కటి మాత్రం వదలరానిది. సిగ్గెయిర్ పగబట్టి సిగ్మండ్‌నూ, అతని కొడుకు సిన్‌ఫ్యోత్లినీ ఒక మట్టిదిబ్బలో సజీవంగా సమాధి చేయించాడు. ఇద్దరి మధ్యా పెద్ద రాతిపలక నిలబెట్టారు, ఒకరి మాట ఒకరు వింటూ, ఒకరినొకరు చేరలేక చావాలని. దిబ్బ కప్పేలోగా సిగ్నీ ఒక గడ్డిమోపు లోపలికి విసిరింది. అందులో మాంసం ఉంది. మాంసంలో గుచ్చి కత్తి ఉంది. చీకట్లో పిడి తడిమి సిగ్మండ్ తన కత్తిని గుర్తుపట్టాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, రంపం లాగినట్టు లాగి, ఆ పలకను కోసేశారు. వీరుల కత్తి రంపంగా పనిచేసిన చోటు ఇది. నాకు ఈ ఘట్టం సర్పాన్ని చంపిన ఘట్టంకంటే ఎక్కువ ఇష్టం.

ఇక విరగడం. సిగ్మండ్ ముసలితనంలో హ్యోర్దిస్ అనే రాకుమారిని పెళ్లాడాడు. ఆమెను కోరి భంగపడిన లింగ్వి సైన్యంతో వచ్చాడు. యుద్ధం మధ్యలో నీలి అంగీ, వెడల్పు టోపీ, ఒంటికన్ను ఉన్న మనిషి ఒకడు ఈటె పట్టుకుని సిగ్మండ్‌కి ఎదురు వచ్చాడు. సిగ్మండ్ బలంకొద్దీ కొట్టాడు. కత్తి ఆ ఈటెకు తగిలి రెండు ముక్కలైంది. ఆ తర్వాత గెలుపు అటువైపు తిరిగింది. రాత్రి హ్యోర్దిస్ శవాల మధ్య వెతుక్కుంటూ వచ్చి, గాయాలకు కట్టు కడతానంటే సిగ్మండ్ వద్దన్నాడు. ఇక నేను కత్తి దూయడం ఓడిన్‌కి ఇష్టం లేదు, అతనికి ఇష్టమైనన్నాళ్లు పోరాడాను అన్నాడు. తర్వాత భార్యకు అసలు మాట చెప్పాడు: నీ కడుపులో మగబిడ్డ ఉన్నాడు, ఈ ముక్కలు జాగ్రత్తగా దాచు, వీటితో మంచి కత్తి తయారవుతుంది, దాని పేరు గ్రామ్, మన బిడ్డ దాన్ని పడతాడు.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సాగాలో 'గ్రామ్' అనే పేరు వినిపించడం ఇదే మొదలు. మానులో దిగినప్పుడు కత్తికి పేరు లేదు. మూడంతల బంగారం పలికినప్పుడు లేదు. రాతిని కోసినప్పుడూ లేదు. విరిగి ముక్కలై ఒక గర్భవతి చేతికి వచ్చినప్పుడు, ఇంకా తయారుకాని కత్తికి పేరు పెట్టారు. అంచేత గ్రామ్ అంటే దేవుడిచ్చిన కత్తి అని రాయడం నా దృష్టిలో సరికాదు. దేవుడు విరిచినదాన్ని మనుషులు దాచుకుని, కాల్చి, కొట్టి చేసుకున్నది గ్రామ్.

ఆ దాచడం కూడా తేలిక పని కాదు. హ్యోర్దిస్ దాసితో బట్టలు మార్చుకుని, సముద్రం దాటి డెన్మార్క్ చేరింది. అక్కడి రాకుమారుడు అల్ఫ్ ఆమె నిజం కనిపెట్టి పెళ్లాడాడు. ఇంకొకరి ఇల్లు, ఇంకొక భర్త. ఇన్ని మార్పుల్లోనూ ఆ రెండు ఇనుప ముక్కలు ఆమె దగ్గరే ఉన్నాయి. పద్య ఎడ్డాలో రెగిన్ కథ చెప్పే చోట ఈ తల్లి ఊసే లేదు. కమ్మరి రెగిన్ కత్తి చేసి ఇచ్చాడు, అంతే. సాగా రచయిత ఆ ముక్కల సంగతిని ఎక్కడినుంచి తెచ్చినా, దానివల్ల కథకు ప్రాణం వచ్చిందని నా అభిప్రాయం.

సిగుర్డ్‌ను పెంచిన గురువు ఈ రెగినే. మంచి పనివాడు, మనసు మంచిది కాదు. అతని అన్న ఫాఫ్నిర్ బంగారం కోసం తండ్రినే చంపి, సర్పరూపం ఎత్తి గ్నిటా అనే బీడులో ఆ రాశిమీద పడుకున్నాడు. ఆ బంగారానికి ఆండ్వరి అనే మరుగుజ్జు పెట్టిన శాపం ఉంది. అన్నను కుర్రవాడి చేత చంపించి సొమ్ము కొట్టేయాలని రెగిన్ ఎత్తు. దానికి కత్తి కావాలి. మొదట ఒకటి చేసి ఇచ్చాడు. సిగుర్డ్ దాగలి మీద కొడితే ముక్కలైంది. రెండోది ఇచ్చాడు. అదీ అంతే. నువ్వు కూడా మీవాళ్లలాగే ద్రోహివేమో అన్నాడు కుర్రవాడు. అప్పుడు తల్లి దగ్గరికి పోయాడు. నాన్న కత్తి ముక్కలు నీ దగ్గర ఉన్నాయటగదా, నాకు ఇవ్వు అని అడిగాడు. ఆమె ఇచ్చింది.

కొలిమిలోంచి తీసినప్పుడు దాని వాదరల వెంట మంట ఆడుతున్నట్టు కమ్మరులకు కనిపించిందట. సిగుర్డ్ దానితో దాగలిని మొద్దుదాకా నరికాడు. కత్తికి చిన్న బీట కూడా పడలేదు. అంతటితో ఊరుకోలేదు. ఏటికి పోయి, కత్తిని నీళ్లలో నిలబెట్టి, ఎగువన ఒక ఉన్ని పింజ వదిలాడు. పింజ ప్రవాహానికి కొట్టుకువచ్చి కత్తికి తగిలి రెండుగా విడిపోయింది. ఒక పరీక్ష బలానికి, ఒకటి పదునుకి. లోహశాస్త్రం చదివే మిత్రులకు ఈ రెండూ కలిసి రావడం ఎంత కష్టమో తెలుసు. మరీ గట్టిపడిన ఉక్కు పదును నిలుపుతుంది గాని పెళుసుబారుతుంది. మెత్తని ఇనుము విరగదు గాని వంగుతుంది. ఉత్తరదేశపు కమ్మరులు దానికి కనిపెట్టిన ఉపాయం, రకరకాల ఇనుప కడ్డీలను మెలితిప్పి, కాల్చి, కలిపి సాగగొట్టి నడుమభాగం చేయడం, అంచులకు ఉక్కు అతకడం. అట్లా చేసిన అలుగు మీద పాము మెలికల వంటి చారలు తేలేవి. కథలో మంత్రం అనిపించేదాని వెనక ఒక వృత్తి ఉంది.

సాగాలో గ్రామ్ పొడుగు ఏడు జానలని ఉంది. జానకు తొమ్మిది అంగుళాలు వేసుకుంటే అయిదుంపావు అడుగులు. తవ్వకాలలో దొరికిన వైకింగుల కత్తులు సాధారణంగా 90 సెంటీమీటర్ల పైచిలుకు, బరువు కిలోకు అటూఇటూ. మరి ఏడు జానలేమిటంటే, కథానాయకుడు అంత ఎత్తు మనిషి అని చెప్పడం. సిగుర్డ్ ఆ కత్తి నడుముకు కట్టుకుని ఏపుగా పెరిగిన రై చేలో నడుస్తుంటే ఒర కొస వెన్నుల పైకొసలకు తగిలేదట. వడిసెల తిప్పే మంచె కూడా అక్కరలేదన్నమాట!

ఉక్కు ప్రసక్తి వచ్చింది గనుక మరొక ముక్క. 9 నుంచి 11వ శతాబ్దం దాకా 'ఉల్ఫ్‌బెర్త్' అనే అక్షరాలు చెక్కిన కత్తులు యూరప్‌లో తయారయ్యాయి. సుమారు 170 దొరికాయి. వాటిలో కొన్నిటిని పరీక్షిస్తే మూసలో కరిగించిన ఉక్కు అని తేలింది. వోల్గా నది వర్తకమార్గాన పర్షియా, మధ్య ఆసియాల నుంచి వచ్చి ఉంటుందని ఒక పరిశోధకుని అభిప్రాయం. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారనీ, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారనీ మనందరికీ తెలుసు. రెండూ కలిపి, వైకింగుల చేతిలో మెరిసింది మన తెలుగు ఉక్కే అని రాసేయడానికి చెయ్యి దురద పెడుతుంది. ఆధారం లేదు గనుక రాయను.

ఫాఫ్నిర్ వధ అందరికీ తెలిసినదే. సర్పం నీళ్లకు పోయే దారిలో గొయ్యి తవ్వి, అందులో కూర్చుని, పైనుంచి పోతుంటే గుండెలో పొడిచాడు. అంతకుముందే తండ్రిని చంపినవాళ్లమీద పగ తీర్చుకున్నాడు. రెగిన్ తొందరపెట్టినా ముందు అదే కావాలన్నాడు. సర్పం గుండె కాలుస్తూ వేలు చురుక్కుమని నోట్లో పెట్టుకునేసరికి పిట్టల భాష తెలిసింది. రెగిన్ నిన్ను చంపబోతున్నాడని పిట్టలు మాట్లాడుకుంటున్నాయి. గ్రామ్ చేసిన కమ్మరి తల గ్రామ్‌తోనే తెగిపోయింది.

ఈ ఘట్టాన్ని రాతిమీద చూడదలచినవాళ్లు స్వీడన్‌లో ఎస్కిల్స్‌టూనా దగ్గర రామ్‌సుండ్ బండ చూడాలి. సుమారు 1030 నాటిది. సిగ్రిడ్ అనే ఆవిడ తన భర్త హోల్మ్‌గెయిర్ ఆత్మకోసం వంతెన కట్టించి చెక్కించింది. శాసనం అక్షరాలన్నీ సర్పం ఒంటి మీదే నడుస్తాయి. సిగుర్డ్ కిందనుంచి కత్తి పొడుస్తుంటాడు. చెట్టుమీద పిట్టలు, నోట్లో బొటనవేలు, తల తెగిన రెగిన్, పక్కన అతని పనిముట్లు. చేసినది క్రైస్తవ పుణ్యకార్యం, చెక్కినది పాతమతపు కథ. నార్వేలో హైలెస్టాడ్ కొయ్యచర్చి ద్వారబంధాలు సుమారు 1200 నాటివి. చర్చిని 17వ శతాబ్దంలో పడగొట్టినా ఆ చెక్కడాలు ఓస్లో మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అందులో శిల్పి కొలిమినీ, సమ్మెట దెబ్బనీ, పరీక్షలో విరిగిన కత్తినీ శ్రద్ధగా చెక్కాడు. అతనికి సాటి పనివాడి మీద అభిమానం కాబోలు.

జర్మనీలో ఇదే కథ వేరు దారి పట్టింది. 1200 ప్రాంతపు నీబెలుంగెన్‌లీడ్ కావ్యంలో వీరుడు సీగ్‌ఫ్రీడ్, కత్తి బాల్ముంగ్. ఒక నిధి పంపకంలో అతనికి దక్కింది. విరగడమూ లేదు, అతకడమూ లేదు. వాగ్నర్ మాత్రం తన సంగీతనాటకాలకు నార్స్ కథనే తీసుకుని, కత్తికి నోతుంగ్ అని పేరుపెట్టాడు. 1876లో బైరాయిట్‌లో నాలుగూ వరసగా ఆడారు. ఆయన కథలో తల్లి ప్రసవంలోనే చనిపోతుంది, కమ్మరికి ముక్కలు అతకడం చేతకాదు. భయమెరుగని సీగ్‌ఫ్రీడ్ తానే ముక్కలను ఆకురాయితో పొడిచేసి, కరిగించి, అచ్చులో పోస్తాడు. పాట అద్భుతంగా ఉంటుంది. మన ఊరి కమ్మరి చూస్తే మాత్రం నవ్వుతాడు. ఇనుము కరగడానికి 1538 డిగ్రీల వేడి కావాలి, ఊరికొలిమికి అది అందదు. అందినా పోతపోసిన కత్తి దాగలి దెబ్బకు ఆగదు.

నవ్వుకుని ఊరుకునే సంగతి కాదు ఇది. తల్లినీ, పనివాడినీ తీసేస్తే మిగిలేది ఒంటరి మహావీరుడు. ఆ వీరుణ్ణి జాతికి గుర్తుగా నిలబెట్టడం చాలా సులువు. 1916-17 శీతకాలంలో జర్మన్ సైన్యం ఫ్రాన్సులో కట్టిన రక్షణపంక్తికి సీగ్‌ఫ్రీడ్ పేరే పెట్టారు. యుద్ధం ఓడిపోయాక, 1920లో అచ్చయిన తన జ్ఞాపకాలలో సేనాధిపతి హిండెన్‌బర్గ్, హాగెన్ ఈటెకు సీగ్‌ఫ్రీడ్ కూలినట్టే అలసిన మా సైన్యం కూలిందని రాశాడు. అంటే ఓడింది శత్రువు చేతిలో కాదు, ఇంట్లోవాళ్లు పొడిచిన వెన్నుపోటు వల్ల అని. ఆ ఇంటిదొంగలు ఎవరంటే సోషలిస్టులనీ, యూదులనీ వేలు చూపించారు. ఆ మాట ఎక్కడిదాకా పోయిందో చరిత్ర విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. మూలకథలో సిగుర్డ్‌ను చంపించినవాళ్లు పరజాతివాళ్లు కారు. సొంత బావమరుదులు, కలిసి రక్తం కలిపి ప్రమాణం చేసినవాళ్లు.

ఆ చావులోనూ గ్రామ్ ఉంది. దానికి ముందు జరిగినది క్లుప్తంగా చెప్పాలి. సిగుర్డ్ బ్రున్‌హిల్డ్‌కు మాట ఇచ్చాడు. గున్నార్ తల్లి పోసిన మందుపానీయంతో ఆమెను మరచి గున్నార్ చెల్లెలు గుడ్రూన్‌ను పెళ్లాడాడు. తర్వాత గున్నార్ కోసం గున్నార్ రూపంలోనే మంటలు దాటి బ్రున్‌హిల్డ్ దగ్గరికి పోయాడు. మూడు రాత్రులు ఒకే పక్క మీద పడుకున్నారు. నడుమ ఒర తీసిన గ్రామ్ పెట్టాడు. ఎందుకని ఆమె అడిగితే, నా పెళ్లి ఇట్లాగే జరగాలి, లేకపోతే చావు తప్పదు అన్నాడు. మోసం తెలిశాక బ్రున్‌హిల్డ్ అతని చావు కోరింది. ప్రమాణం చేయని చిన్నతమ్ముడు గుట్టోర్మ్‌ను ఉసిగొల్పి పంపారు. రెండుసార్లు పోయి సిగుర్డ్ కళ్లు చూసి వెనక్కి వచ్చాడు. మూడోసారి నిద్రలో ఉండగా పొడిచాడు. సిగుర్డ్ లేచి, పారిపోతున్నవాడి మీదికి గ్రామ్ విసిరాడు. గుట్టోర్మ్ నడుము దగ్గర రెండు ముక్కలై, సగం గది లోపల, సగం బయట పడ్డాడు.

బ్రున్‌హిల్డ్ తనను తాను పొడుచుకుని, గున్నార్‌ను పిలిచి ఆఖరి కోరిక చెప్పింది. సిగుర్డ్‌తో పాటు ఒకే చితి మీద తననూ కాల్చాలి, అప్పుడు పెట్టినట్టే ఇద్దరి నడుమ దూసిన కత్తి పెట్టాలి అన్నది. ఆ కత్తి ఎందుకని తరగతిలో అడిగితే ప్రతి ఏడూ రెండు జవాబులు వస్తాయి. చచ్చాక కూడా తన పాతివ్రత్యం లోకానికి చూపించడానికని కొందరంటారు. తన పెళ్లి జరిగినది ఆ మూడు రాత్రులే, ఆ పక్కనే చితిమీద మళ్లీ పరిపించుకున్నదని ఒకసారి వెనక బల్లలోంచి ఒక అమ్మాయి అన్నది. సాగా ఏమీ చెప్పదు. చితి పేర్చారు, అడిగినట్టే చేశారు, నిప్పు బాగా రాజుకున్నాక ఆమె దానిమీదికి ఎక్కింది.